కట్టప్ప ఎవరి కూడు తిన్నాడు?

రాజుల కథలు రాసేవారికి ఒక పాత్ర మీద తీరని మమకారం ఉంది. అతడు రాజు కాడు, రాజు పక్కన నిలబడేవాడు. యుద్ధంలో రాజుకు ముందు కత్తి పట్టుకుని నిలుస్తాడు. యుద్ధం లేనప్పుడు రాజు మాటను పొరుగు కోటకు మోసుకుపోతాడు. ప్రాణం కాపాడే బంటూ అతడే, పని చక్కబెట్టుకొచ్చే రాయబారీ అతడే. కత్తికీ నాలుకకూ యజమాని ఒక్కడే గనక ఆ రెంటినీ ఒకే ఒంట్లో పెట్టారు. అతనికి పెళ్ళాంబిడ్డలున్నా కథకు వాళ్ళతో పని లేదు. జీతం ఉందో లేదో ఎవరూ చెప్పరు. అతనికి ఉండేదల్లా విశ్వాసం.

ఈ తరంలో ఆ పాత్రకు పేరు కట్టప్ప. 2015 జూలైలో ‘బాహుబలి’ మొదటి భాగం వచ్చింది. 2017 ఏప్రిల్‌లో రెండో భాగం వచ్చేదాకా దేశమంతా ఒకే ప్రశ్న వేసుకుంది: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? కాలేజీలో మా స్టాఫ్ రూము కూడా ఈ చర్చకు మినహాయింపు కాలేదు. తీరా చూస్తే జవాబు చాలా చిన్నది. రాజమాత చంపమంది, చంపాడు. సింహాసనానికి ఊడిగం చేస్తామని అతని పూర్వులెవరో మాట ఇచ్చారట. ఆ మాట కోసం అతడు పుట్టుకతో బానిస. ఆయుధాలు అమ్ముకునే పరదేశి ఒకడు అతనికి స్వేచ్ఛ ఇప్పిస్తానంటే కాదంటాడు. ఆ ఘట్టానికి హాల్లో చప్పట్లు కొట్టారు. బానిస తన సంకెలను ముద్దుపెట్టుకుంటే చప్పట్లు కొట్టినవారిలో నా విద్యార్థులూ ఉన్నారు, నా సహోద్యోగులూ ఉన్నారు.

నేను అడగదలచినది వేరే ప్రశ్న. కట్టప్ప ఎవరి కూడు తిన్నాడు? మాహిష్మతిలో అంతెత్తు కోట ఉంది, ఏనుగులున్నాయి, వేలాది సైన్యం ఉంది. అంతమంది తినే గింజ పండించిన చేను మనకెక్కడా కనబడదు. ఆ చేను దున్నినవాడు బంగారు విగ్రహానికి తాడు లాగేటప్పుడు గుంపులో ఒకడుగా కనిపించి మాయమవుతాడు.

ఇలా అడిగితే రెండు వైపుల నుంచి దెబ్బలు పడతాయి. ఒక వైపువారు, “కథకు లెక్కలడుగుతావేమిటి? తెలుగువాడి పరాక్రమాన్ని లోకమంతా చూసింది, సంతోషించు” అంటారు. రెండో వైపువారు మనవాళ్ళే. “రాజుల కథ అంటేనే ఫ్యూడల్ చెత్త, దాన్ని గురించి రాయడం కాగితం దండగ” అంటారు. నా ఫిర్యాదు ఎక్కువగా ఈ రెండోవారి మీదనే. మనం చెత్త అని పక్కన పెట్టినదాన్ని మన విద్యార్థులు ఏరుకుని గుండెల్లో పెట్టుకుంటున్నారు. చెత్త అని తిట్టడం విమర్శ కాదు. అందులో ఏది అబద్ధమో, ఆ అబద్ధం ఎవరికి లాభమో తేల్చడం విమర్శ.

నేను చూసినంతలో ఆ అబద్ధం ఒక్కటే. చరిత్రలో రాజు బంటుది ఉద్యోగం. పుట్టుకతో వచ్చి తరతరాలూ తీరని బాకీ అతనిది కాదు, అతనికి కూడు పెట్టినవాడిది. మన కథలు ఈ రెంటినీ తారుమారు చేశాయి. బాకీని తెచ్చి బంటు మెడకు కట్టి దానికి విశ్వాసమని పేరు పెట్టాయి. కూడు పెట్టినవాణ్ణి కథలోంచే తీసివేశాయి.

దీనికి ఋజువు కోసం దూరం పోనక్కరలేదు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతం చాలు. 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల, రేపల్లె ఒక జిల్లాలోకి పోయాయి, తెనాలి గుంటూరు జిల్లాలో మిగిలింది. కాని ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళ కిందట ఈ మూడూ వెలనాడు. దాని రాజధాని రేపల్లెకు దాపున ఉన్న చందవోలు. ఆ ఊరినుంచి కాలేజీకి వచ్చే పిల్లలు నాకున్నారు. తమ ఊరు ఒకప్పుడు రాజధాని అని వాళ్ళకు తెలుసు. ఆ రాజధానిని ఏలినవాడు కూడా మరొకరి కొలువులో బంటేనన్న సంగతి తెలియదు.

వెలనాటి గొంకరాజులు మొదట చోళ కులోత్తుంగునికి లోబడి పనిచేశారు. అతని పక్షాన యుద్ధాలు చేశారు, అతని పేరు చెప్పి ఏలారు. చోళుల పట్టు సడలగానే తమంత తాముగా రాజులైపోయారు. పూర్వులిచ్చిన మాట వారికి అడ్డం రాలేదు. సరిగ్గా అదే పద్ధతిలో వారి కింద దివిసీమను ఏలుతున్న అయ్యవంశంవారు, కాకతి గణపతిదేవుడు వచ్చి వెలనాటినీ దివినీ గెలుచుకున్నప్పుడు, పాత దొర కోసం ప్రాణాలు విడవలేదు. ఇంటి ఆడపడుచులు నారాంబ, పేరాంబలను గణపతిదేవునికిచ్చి పెళ్ళి చేశారు. వారి తమ్ముడు జాయపను తనవెంట పంపారు. రాజు అతన్ని పెంచి, చదివించి, ఏనుగుల దళానికి అధిపతిని చేసి, మన తెనాలికి కూతవేటులో ఉన్న చేబ్రోలును అతని చేతిలో పెట్టాడు.

ఈ జాయపసేనాని సంగతి కాస్త ఆగి చూడదగినది. సినిమా లెక్కన అతడు వీరుడనిపించుకోవడం కష్టం. గెలిచిన రాజుకు బావమరిది అయ్యాడు, ఏనుగులను చూసుకున్నాడు, చేబ్రోలులో కట్టడాలు కట్టించి శాసనాలు వేయించాడు, 1253-54 ప్రాంతంలో ‘నృత్తరత్నావళి’ అనే నాట్యశాస్త్రం రాశాడు. అడుగుల గురించీ హస్తాల గురించీ దేశి నృత్యాల గురించీ అంత తీరికగా రాసిన సేనాపతి ప్రపంచంలో ఎక్కడున్నాడో నాకు తెలియదు. ఓడిన కుటుంబానికీ గెలిచిన రాజుకూ మధ్య పెళ్ళి రాయబారం నడిచింది, ఆ రాయబారంలో ఇచ్చిపుచ్చుకున్న సరుకులో ఈ కుర్రవాడొకడు. నిజమైన బంటు, నిజమైన రాయబారం ఇవి. ఇందులో ద్రోహమూ లేదు, విశ్వాసమూ లేదు. బేరం ఉంది. జాయపను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. కట్టప్పతో పోల్చి చూస్తే నాకు జాయపే మనిషిలా కనిపిస్తాడు.

ఇక్కడ ప్రతిపక్షంవారు గట్టి సాక్ష్యమే తెస్తారు, దాన్ని దాటవేయకూడదు. దొర కోసం నిజంగా చచ్చిపోయినవారు ఉన్నారు. హళేబీడు హొయసళేశ్వరాలయం దగ్గర ఒక స్తంభం ఉంది. 1220లో రెండవ వీరబల్లాళుడు చనిపోతే, అతని దండనాయకుడు కువర లక్ష్మ భార్యతో సహా ప్రాణాలు విడిచాడని ఆ స్తంభం చెబుతుంది. ఇలాంటివారిని అక్కడ గరుడులన్నారు. పాండ్య దేశంలో రాజు చితిలో దూకే సేవకులున్నారని మార్కో పోలో రాశాడు. మన కాకతీయుల శాసనాలలోనూ అంగరక్షులు కనిపిస్తారు, లెంకలు కనిపిస్తారు. సరే, ఒప్పుకుందాం. కాని రాజ్యం ఏ మాటను ఊరికే రాతిమీద చెక్కించదు. నలుగురూ మామూలుగా చేసే పనికి స్తంభం అక్కరలేదు. జనం తిండి తింటారని ఎవరూ శాసనం వేయించలేదు. చచ్చినవాడికి స్తంభం ఎత్తించారంటే, బతికి ఉన్నవారికి ఆ పాఠం చెప్పవలసిన అవసరం ఉందన్నమాట.

అదీగాక, అంగరక్షుడూ లెంకా ఊరికే నిలబడలేదు. కాకతీయుల చివరి కాలం నాటికి కొలువు చేసినవారికి ఊళ్ళు నాయంకరంగా ఇచ్చే పద్ధతి బలపడింది. విశ్వాసానికి ధర ఉంది, ఆ ధర ఊళ్ళలో కొలిచారు. నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసనం ఒకటి ఉంది. రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకునికీ పుణ్యంగా, ఆ నాయకుని భృత్యుడు పువ్వుల ముమ్మడి అనేవాడు దేవునికి భూమి ఇచ్చాడు. ఆ రాణి మరణకాలాన్ని చరిత్రకారులు ఈ రాతిని బట్టే నిర్ణయిస్తున్నారు. బంటుకు బంటు అయినవాడు కూడా దానం చేయగలిగినంత భూమి కలవాడు! రాణీ పోయింది, దొరా పోయాడు, ముమ్మడి వాళ్ళతో పోకుండా బతికి ఉండి వాళ్ళ పేరు నిలబెట్టాడు. ‘రుద్రమదేవి’ సినిమా కూడా 2015లోనే వచ్చింది. అందులో ముమ్మడికి చోటు లేదు.

మరి తరతరాల బాకీ ఎవరిదంటాను? బాపట్ల భావనారాయణస్వామి గుడికి పండుగనాడు పోయేవారు చాలామంది ఉన్నారు. ఒకసారి ఊరక నిలబడి రాళ్ళ వైపు చూడండి. అక్కడా, వెలనాటి గుళ్ళన్నింటా, ఒకే రకం దానం మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. ఒక సేనాపతో, మంత్రో, రాచవారి ఇంటి ఆడదో అఖండదీపం పెట్టిస్తారు. దీపానికి నెయ్యి కావాలి గనక గొర్రెలను ఇస్తారు. లెక్క సాధారణంగా యాభై అయిదు. ఆ గొర్రెలను ఫలానా బోయ కొడుకు ఫలానా బోయ చేకొని, రోజుకు మానెడు చొప్పున నెయ్యి తెచ్చి పోయాలి. అతడే కాదు, అతని కొడుకులూ మనుమలూ పోయాలి. సూర్యచంద్రులు ఉన్నంతకాలం పోయాలి.

ఇంకోసారి చదవండి. పుణ్యం సేనాపతికి. గొర్రెలు ఈనినా చచ్చినా, వాన కురిసినా కరువొచ్చినా, మానెడు నెయ్యి మాత్రం బోయవాని వంశం మీద. ఆ బోయవాడు ఎప్పుడు, ఎవరికి మాట ఇచ్చాడు? అతని మనుమడిని ఎవరు అడిగారు? పూర్వుల మాటకు కట్టుబడి పుట్టుకతో బానిస అయినవాడు మన నేలమీద నిజంగా ఉన్నాడు. అతని చేతిలో కత్తి లేదు, నేతిమానిక ఉంది. అతని మీద నాకు తెలిసినంతలో ఒక్క సినిమా రాలేదు, ఒక్క నవల రాలేదు.

విజయనగరం నాటికి పరిస్థితి మెరుగుపడిందని అనుకునేవారు నూనిజ్ రాతలు చూడవలసి ఉంది. గుర్రాలమ్ముకునే ఆ పోర్చుగీసువాడు 1535 ప్రాంతంలో అక్కడ ఉన్నాడు. రాజుకు ఎప్పుడూ జీతం మీద యాభైవేల సైన్యం ఉంటుందనీ, అందులో ఆరువేల మంది కోటను కాపాడే రౌతులనీ రాశాడు. పంటలో పదింట తొమ్మిది వంతులు దొరలకు పోతున్నాయని రైతులు చెప్పుకుంటున్నారని కూడా అతడే రాశాడు. ఆ తొమ్మిది వంతులు కొంత ఎక్కువ చేసి చెప్పిన మాట కావచ్చు. నేను ఆ మాటను మనసులో ఉంచుకుని, ఆ రౌతుల పక్కన పెట్టి చూస్తాను. రాజును కాపాడినవాడు ఎవరి పళ్ళెంలోంచి తిన్నాడో అప్పుడు తెలుస్తుంది.

సినిమా తెలుగువారికి ఇదివరకు కొంత మెరుగైన బుద్ధి ఉండేదని చెప్పడానికి తెనాలినే సాక్ష్యం పిలుస్తాను. తెనాలివాడైన చక్రపాణి, నాగిరెడ్డితో కలిసి 1951లో ‘పాతాళభైరవి’ తీయించాడు. అందులో కథానాయకుడు తోటరాముడు, తోటమాలి కొడుకు. రాజకుమారిని ప్రేమిస్తాడు, రాజు దొంగను పట్టినట్టు పట్టిస్తాడు, వాడు తన గుండెబలంతో గెలుస్తాడు. చివరికి వాడూ అల్లుడై కోటలో చేరాడు గదా అంటే, చేరాడు, అది ఆ కథ పరిమితి. కాని తోటరాముడి ఒంట్లో ఎక్కడా రాజరక్తం దొరకదు, ఎవరూ వెతకలేదు. 2009లో ‘మగధీర’ వచ్చింది. అందులో యువరాణిని కాపాడే వీరుడు ఒక వంశానికి చెందినవాడు, ఆ వంశంలో ప్రతివాడూ వందమందిని చంపిగాని చావడు. 2015కు వచ్చేసరికి జలపాతం కింద గూడెంలో పెరిగిన కుర్రవాడు కొండ ఎక్కగలిగాడంటే, వాడు రాజుకొడుకు గనకనే ఎక్కగలిగాడు. తోటమాలి కొడుక్కు అరవై నాలుగేళ్ళ కిందట ఉన్న అవకాశం ఇవాళ లేదు. వీరత్వం రక్తంలోకి పోయింది, విశ్వాసమూ రక్తంలోకి పోయింది. స్వతంత్ర దేశంలో వయోజనులందరూ ఓటు వేస్తున్న కాలంలో మన కథ ముందుకు నడవవలసినది వెనక్కి నడిచింది.

అదే తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో చనిపోయేదాకా ‘చందమామ’ను నడిపారు. ఈ ప్రాంతంవారే అయిన దాసరి సుబ్రహ్మణ్యం ఆ పత్రికలో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ఏళ్ళతరబడి సీరియళ్ళు రాశారు. ఇద్దరూ మన భావాలవారే. వాటిలో రాజులున్నారు, రాజుల పనిమీద అడవులు పట్టి తిరిగే యువకులున్నారు, మాంత్రికులున్నారు. వామపక్షం మనుషులు రాజుల కథలు రాయడమేమిటని ఆక్షేపించినవారు ఉన్నారు. ఆ ఆక్షేపణ నాకు నచ్చదు. ‘మాయాసరోవరం’లో జయశీలుడూ సిద్ధసాధకుడూ రాజుగారి పిల్లలను వెతకడానికి పోతారు. ఆ ఇద్దరి స్నేహమే మనకు జ్ఞాపకం ఉంటుంది, రాజు జ్ఞాపకం ఉండడు. బంటు కథ రాయడం తప్పుకాదు. బంటుకు రాజు తప్ప వేరే లోకం లేకుండా చేయడం తప్పు.

తెనాలి పేరు ఇంటిపేరులా మోసిన కవికి కూడా ఈ గతి తప్పలేదు. 1956 నాటి ‘తెనాలి రామకృష్ణ’ మంచి సినిమా, నేను కాదనను. అందులో రామకృష్ణుడు శత్రువులు పంపిన వేగుకత్తె కృష్ణసాని గుట్టు బయటపెట్టి రాయలను కాపాడతాడు. కవి కాస్తా రాజుకు అంగరక్షకుడూ తంత్రజ్ఞుడూ అయి కూర్చున్నాడు. పుస్తకాల పీఠికలు చూస్తే సంగతి వేరు. ‘ఉద్భటారాధ్య చరిత్ర’ అంకితం పుచ్చుకున్న ఊరదేచయ, కొండవీటిని ఏలిన నాదెండ్ల గోపమంత్రి దగ్గర ఉద్యోగి. ‘పాండురంగ మాహాత్మ్యం’ అంకితం పుచ్చుకున్న విరూరి వేదాద్రి, పెదసంగభూపాలుని దగ్గర ఉద్యోగి. ఉద్యోగుల ఇళ్ళలో అన్నం తిని అంత గొప్ప పద్యం రాసిన కవిని, రాజుగారి ప్రాణం కాపాడితేగాని గొప్పవాడిగా మనం ఒప్పుకోలేకపోయాం. ఇది కవికి జరిగిన అవమానం.

ఇంత మోజు ఎక్కడినుంచి వచ్చింది? ఐరోపా నైట్ల కథలు చదివి మనవాళ్ళు కాపీ కొట్టారని కొందరంటారు. అవసరం లేదు. రామబంటు, రామదూత అనే రెండు పేర్లూ ఒకరికే ఉన్న దేశం ఇది. ప్రతి ఊరి పొలిమేరలో ఆ ఒక్కడే నిలబడి ఉన్నాడు. దేవుడి దగ్గర బంటుగా ఉండటం భక్తుడి ఇష్టం, నాకు దానితో తగువు లేదు. ఆ భక్తిని తీసుకుపోయి దొర కాళ్ళ దగ్గర పెట్టినవారితోనే నా తగువు.

పరాయిపాలనలో ఈ మోజుకు ఒక న్యాయం ఉండేదని కూడా చెప్పాలి. 1897లో వేదం వేంకటరాయశాస్త్రి ‘ప్రతాపరుద్రీయం’లో మంత్రి యుగంధరుడు పిచ్చివాడి వేషంలో ఢిల్లీ పోయి రాజును విడిపించుకొస్తాడు. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగిన రోజుల్లో, మీకు చరిత్ర లేదన్నవారికి జవాబు చెప్పడానికి అలాంటి యుగంధరులు కావలసి వచ్చారు. రేపల్లెలో న్యాయవాదిగా ఉంటూ నోరి నరసింహశాస్త్రిగారు ‘నారాయణభట్టు’, ‘రుద్రమదేవి’, ‘మల్లారెడ్డి’ నవలలు రాసినదీ ఆ ఊపులోనే. ఆయన పాండిత్యానికి నమస్కరించవలసిందే, శాసనాలు చదివి నవల రాసిన మనిషి. కాని ఆ నవలలు రాజ్యాన్ని మంత్రాలోచన మందిరంలోంచి చూస్తాయి. ఆ కిటికీలోంచి చేను కనబడదు.

రేపల్లె వకీలుగారిని తలచుకుంటే వకీలు అన్న మాట గుర్తొస్తుంది. జమీందారుల కాలంలో వకీలంటే కోర్టులో వాదించేవాడు కాడు, దొర తరఫున సర్కారు దగ్గర మాట్లాడే రాయబారి. 1788లో గుంటూరు సర్కారు కుంపినీ చేతికి వచ్చాక వాసిరెడ్డి, మల్రాజు, మానూరి, రేపల్లె మాణిక్యారావుల వంటి వంశాలవారు ఆయుధాలు పట్టిన బంట్లనూ పోషించారు, వకీళ్ళనూ పోషించారు. బంట్లతో పని తగ్గేకొద్దీ వకీళ్ళతో పని పెరిగింది. 1816లో వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు పోయాక దత్తపుత్రుల ఆస్తి తగాదా ముప్ఫై ఏళ్ళు నడిచి లండన్‌లో ప్రీవీ కౌన్సిలు దాకా పోయింది. మధ్యలో 1832-33లో నందన కరువు వచ్చి గుంటూరు జిల్లా జనంలో మూడోవంతుకు తక్కువ కాకుండా తుడిచిపెట్టుకుపోయారు. తగాదా మాత్రం ఆగలేదు. రాయబారుల ఘనత ఇంతే. అన్నట్టు, కృష్ణరాయల కాలాన్ని కళ్ళకు కట్టే ‘రాయవాచకం’ ఒక స్థానాపతి, అంటే నాయకుని రాయబారి, తన దొరకు పంపుకున్న నివేదిక రూపంలో ఉంటుంది. అది రాయలు పోయిన చాలా ఏళ్ళకు, 1600 ప్రాంతంలో రాసినదని ఫిలిప్ వాగనర్ 1993లో వాదించాడు. రాయబారి కూడా కథకుడు కల్పించినవాడేనన్నమాట!

మనకు వేరే బంటు కథ లేదా? ఉంది. నేను ఏటా క్లాసులో చెబుతాను. పలనాటి వీరుల కథ కూడా చందవోలు నుంచే మొదలవుతుంది. అనుగురాజు చందవోలు రాచబిడ్డ మైలమను పెళ్ళాడి పలనాటిని అరణంగా పొందాడంటుంది ఆ కథ. అందులో రాయబారి అలరాజు. తన అత్తవారి ఊరికే రాయబారానికి పోయి విషానికి బలి అవుతాడు. రాయబారం ఎంత బూటకమో, రాజులు పంపినవాడు ఎంత చవకో చెప్పడానికి అలరాజు చావు చాలు. అందులోనే మాల కన్నమదాసు ఉన్నాడు. బ్రహ్మనాయుడి పక్కన కత్తి పట్టుకుని నిలబడ్డవాడు, దళానికి నాయకుడు. కన్నమదాసు ఎవరి కూడు తిన్నాడంటే దానికి కథలోనే జవాబు ఉంది: చాపకూడు. అన్ని కులాలవారూ ఒకే చాప మీద కూర్చుని తిన్న కూడు. బ్రహ్మనాయుడు అతన్ని కొడుకన్నాడు, కొన్నానని అనలేదు.

ఈ తేడా ఎందుకు వచ్చిందో ఆలోచించాలి. పలనాటి కథను శ్రీనాథుడి పేరుమీద అచ్చులో చదువుతున్నాం గాని, దాన్ని ఇన్ని వందల ఏళ్ళు నోట నిలిపినవారు వీరవిద్యావంతులు, మాలవారు. కారెంపూడిలో వీరుల తిరునాళ్ళలో ఇప్పటికీ పాడతారు. పాడేవాడు చాప మీద తనకు చోటు అడిగాడు, కథ ఇచ్చింది. కన్నమదాసూ దొరవెంట నడిచినవాడే, అది చివరికి రాజ్యం కోసం దాయాదులు చేసుకున్న యుద్ధమే, కాదనను. అయినా కూడు సంగతి దాచని కథ అది. వందల కోట్లు పెట్టి తీసిన కథలో ఆ చాప పరవడానికి చోటు దొరకలేదు.

“ఇదంతా పుస్తకాల గొడవ, పిల్లలకు సినిమా సినిమాయే” అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. నాకు రోజూ కనిపించేది వేరుగా ఉంది. పొద్దున రేపల్లె బండిలో భట్టిప్రోలు, వేమూరు స్టేషన్లలో ఎక్కి తెనాలి వచ్చే పిల్లల్లో చాలామంది కౌలురైతుల బిడ్డలు. కౌలు బస్తాలు ముందు కొలిచి ఇచ్చి, మిగిలితే తినే ఇళ్ళు. వాళ్ళలో బాగా పద్యం చదివే కుర్రవాడొకడు రెండో ఏడు చదువు మానేశాడు. ఆరునెలల తరువాత కనిపించాడు, ఒక నాయకుడి కారు వెనక కారులో. జీతమెంత అని అడిగాను. “జీతమేమిటి సార్, మనం ఆయన మనిషిమి” అన్నాడు. గొంతులో గర్వం ఉంది. పెట్రోలూ భోజనమూ ఆయనదేనట. ఇంట్లో తండ్రి ఎకరాకు ఇంత అని ఆ నాయకుడి బంధువుల పొలమే కౌలుకు చేస్తున్నాడని తరువాత తెలిసింది. అంటే కొడుకు తినే ఆ భోజనం తండ్రి పండించినదే. అది ఊరు చుట్టి వచ్చి నాయకుడి పెట్టుబడిగా కొడుకు విస్తట్లో పడుతున్నది. ఈ లెక్క ఆ కుర్రవాడికి ఎవరూ చెప్పలేదు. కట్టప్ప కథ మాత్రం ఎన్నోసార్లు చూశాడు.

చదువుకున్న కుర్రవాణ్ణి “నువ్వు ఎవరి మనిషివి?” అని అడిగే వ్యవస్థ ఉన్నంతకాలం అలాంటి సినిమా ఆడుతుంది, ఆడినంతకాలం ఆ ప్రశ్న అసహ్యంగా అనిపించదు. ఇక ఆ సినిమాలను కులాలవారీగా పంచుకుని, ఫలానా సేనాని మావాడంటే మావాడని ఫ్లెక్సీల మీద కత్తులు దూస్తున్న సంఘాల సంగతి చెప్పనక్కరలేదు. జాయపసేనాని మావాడని ఎవరైనా వస్తే నృత్తరత్నావళిలో ఒక శ్లోకం చెప్పమని అడగాలని ఉంది.

మన అధ్యాపకులకు ఒక పని సూచిస్తాను. చరిత్రవారూ తెలుగువారూ కలిసి పిల్లలను ఏడాదికొకసారి బాపట్ల, చందవోలు, చేబ్రోలు తీసుకుపోదాం. బండి చార్జీ ఎక్కువేమీ కాదు. గుళ్ళలో రాళ్ళ ముందు కూర్చోబెట్టి, దానం చేసినవాడి బిరుదులు వదిలేసి, కింది పంక్తుల్లో గొర్రెలు చేకొన్నవాడి పేరు చదవమందాం. చదవడం కష్టం, అక్షరాలు అరిగిపోయి ఉంటాయి, కొన్నిచోట్ల సున్నం పూశారు. మొదట తడిగుడ్డతో తుడవాలి.